కప్పు మీద నీరు, కాళ్ల కింద భూమి విలువ: నడిబొడ్డు పాత భవనాల సంగతి

నాలుగంతస్తుల పాత ఇటుక భవనం. కప్పు అంచున వాన నీరు పోయే కాలువలో ఎండుటాకులు, పావురాల గూడు కలిసి ముద్దలా బిగుసుకున్నాయి. వాన పడితే నీరు పైపులోకి దిగదు. కాలువ పొంగి, వెనక్కి మళ్లి గోడ తలలోకి ఇంకుతుంది. అక్కడి నుంచి మెల్లగా కిందికి జారి, గోడలో దిగిన దూలం కొసను చేరుతుంది. కర్రలో తేమ 20 శాతం దాటి నెలల తరబడి అలాగే ఉంటే శిలీంధ్రం పట్టే ప్రమాదం మొదలవుతుంది. దూలం నడుమ భాగం సుత్తితో కొడితే ఖంగుమంటుంది. గోడలో దాగిన జానెడు కొస మాత్రం వేళ్లతో నలిపితే పొడి రాలుతుంది. గదిలో ఉండేవాళ్లకు కనిపించేది మూలన ఒక గోధుమరంగు మరక, అంతే.

ఆ మరకకూ, ఏళ్ల తరవాత అదే భవనం ముందు వచ్చి ఆగే యంత్రానికీ నేరుగా సంబంధం ఉంది. మరక పెద్దదవుతుంది, పై గది ఖాళీ అవుతుంది. ఖాళీ గదిలో కిటికీ అద్దం పగిలితే మార్చేవాళ్లుండరు. ఆ కిటికీ గుండా ఇంకా నీరు, ఇంకా పావురాలు. కింద దుకాణం నడుస్తూనే ఉంటుంది కాబట్టి బయటివాళ్లకు భవనం బతికే ఉన్నట్టు కనిపిస్తుంది. చివరకు ఒక కాగితం మీద ‘శిథిలావస్థలో ఉంది, ప్రమాదకరం’ అని రెండు వాక్యాలు పడతాయి. అప్పుడు ఊరంతా కూల్చాలా, నిలబెట్టాలా అని వాదించుకుంటుంది. నిజానికి ఆ నిర్ణయం చాలా ముందే, కాలువ శుభ్రం చేయని రోజుల్లోనే సగం జరిగిపోయింది.

నడిబొడ్డులోనే ఎందుకిలా

ఊరి చివర పాత ఇల్లు పాడైతే అది ఇంటి సమస్య. నగరం నడిబొడ్డున అది లెక్కల సమస్య. భవనం మూడు నాలుగు అంతస్తులే ఉంటుంది. ఆ స్థలంలో నిబంధనల ప్రకారం ఇరవై అంతస్తులు లేపే వీలుంటుంది. అప్పుడు స్థలం విలువలో భవనం విలువ భాగం కాదు, అడ్డంకి. యజమాని మరమ్మతు మీద పెట్టే ప్రతి రూపాయీ రేపు కూల్చబోయేదాని మీద పెట్టినట్టే అనిపిస్తుంది. అందుకే చాలాచోట్ల దురుద్దేశం లేకుండానే నిర్లక్ష్యం మొదలవుతుంది. కొన్నిచోట్ల మాత్రం ఉద్దేశంతోనే సాగుతుంది: కప్పు తెరిచి వదిలేస్తే నాలుగు వానాకాలాల్లో ప్రకృతే పని పూర్తి చేస్తుంది, కూల్చివేత అనుమతికి కావలసిన ఆధారమూ తయారవుతుంది.

దీనికి తోడు పై అంతస్తులు ఖాళీగా ఉండటానికి ఒక మామూలు కారణం ఉంది: మెట్లు. పాత వాణిజ్య భవనాల్లో చాలావరకు ఒకటే మెట్ల దారి, అదీ కర్రది, పైగా దుకాణం లోపలి నుంచి. అగ్నిమాపక నిబంధనల ప్రకారం పైన జనాన్ని ఉంచాలంటే రెండో దారి కావాలి. ఇరుకు స్థలంలో రెండో మెట్లు పెడితే అద్దెకిచ్చే చోటు తగ్గుతుంది. కాబట్టి పై అంతస్తులకు తాళం పడుతుంది. తాళం పడిన అంతస్తులో కారే నీటిని ఎవరూ చూడరు.

న్యూయార్క్‌లో 1910లో తెరుచుకున్న పెన్సిల్వేనియా స్టేషన్ కథ ఈ లెక్కకు అందరికీ తెలిసిన ఉదాహరణ. 1963 అక్టోబరులో దాన్ని పగలగొట్టడం మొదలుపెట్టారు. ఆ భవనం బలహీనపడి కూలలేదు. దాని పైనున్న ఆకాశం దానికంటే ఎక్కువ ధర పలికింది. ఆ దెబ్బకే 1965లో ఆ నగరానికి చారిత్రక కట్టడాల చట్టం వచ్చింది. తరవాత గ్రాండ్ సెంట్రల్ టెర్మినల్ మీద యాభైకి పైగా అంతస్తుల టవరు కట్టాలన్న ప్రతిపాదనను నగరం తిరస్కరించింది. రైల్వే సంస్థ కోర్టుకెక్కింది. 1978లో అమెరికా సుప్రీంకోర్టు 6–3 తీర్పుతో నగరం పక్షాన నిలిచింది. స్టేషన్‌ను ఇప్పుడున్నట్టే నడుపుకొని ఆదాయం పొందే వీలుందనీ, పైన వాడుకోలేని నిర్మాణ హక్కును దగ్గరలోని వేరే స్థలాలకు బదిలీ చేసుకోవచ్చనీ కోర్టు గమనించింది.

ఈ బదిలీ హక్కుల పద్ధతి బాగా పనికొస్తుంది, కానీ ఒక షరతు మీద. హక్కును కొనుక్కుని వాడుకునే స్థలం ఎక్కడో ఉండాలి, అక్కడ మామూలుగా దొరికే అంతస్తులకంటే అదనంగా కట్టుకోవాలన్న గిరాకీ ఉండాలి. నగరమంతటా ఎంత కావాలంటే అంత ఎత్తుకు ఉచితంగా అనుమతిస్తే ఎవరూ హక్కు కొనరు. అప్పుడు పాత భవనం యజమాని చేతిలో మిగిలేది విలువ లేని కాగితం.

పన్ను రాయితీల్లోనూ ఇలాంటి మెలికే ఉంది. అమెరికాలో ధృవీకరించిన చారిత్రక భవనాన్ని ఆదాయం తెచ్చే పనికి పునరుద్ధరిస్తే అర్హమైన ఖర్చులో 20 శాతం పన్ను నుంచి తగ్గిస్తారు. నడిబొడ్డులోని ఎన్నో పాత గిడ్డంగులు, హోటళ్లు నిలబడింది దీని వల్లే. కానీ ఖర్చు ఆ భవనపు పుస్తక విలువను, అంటే పన్ను లెక్కల్లో దానికి మిగిలిన విలువను, మించి ఉండాలన్న నియమం ఉంది. అంటే పెద్ద ఎత్తున చేసే పనికే రాయితీ. ఏటా కప్పు బాగు చేయించుకుంటూ భవనాన్ని పాడు కానివ్వని యజమానికి ఏమీ రాదు. పునరుద్ధరణకు డబ్బులిచ్చి, నిర్వహణకు ఇవ్వని ఏ విధానమైనా భవనాలు బాగా పాడయ్యేదాకా ఆగమని చెప్పినట్టే పనిచేస్తుంది. ఈ లోపం సరిచేయడం కష్టం కూడా కాదు: కాలువలు, కప్పు, కిటికీల రంగు వంటి చిన్న పనులకు చిన్న మొత్తాల్లో ఏటా సాయం ఇస్తే చాలు.

‘ప్రమాదకరం’ అనే ముందు

శిథిలమని తేల్చే నివేదికలో ఏముండాలి? ఈ ప్రశ్న అడిగితేనే చాలా కూల్చివేతలు ఆగుతాయి. పెచ్చులూడిన ప్లాస్టరింగ్ ఫొటోలు నాలుగు అంటించి ‘జీవితకాలం ముగిసింది’ అని రాస్తే అది పరీక్ష కాదు. ప్లాస్టరింగ్ బరువు మోయదు. అది భవనానికి చొక్కా లాంటిది. చిరిగితే మనిషి చచ్చిపోయినట్టు కాదు.

మొదటి పని కొలతలు. ప్రతి అంతస్తు నక్షా, గోడల మందం, వాలు, ఉబ్బు. గోడ మొత్తంగా ఒక పక్కకు వాలిందా, లేక నడుమ ఉబ్బిందా అన్నది వేరు వేరు జబ్బులు. మందమైన పాత గోడల్లో చాలావాటికి బయట ఒక పొర, లోపల ఒక పొర, మధ్యలో రాళ్ల ముక్కలు, సున్నం కలిపి నింపిన పూరకం ఉంటాయి. మధ్య పూరకంలోకి నీరు దిగితే సున్నం కరిగి జారి కింద పేరుకుంటుంది, బయటి పొర ఉబ్బుతుంది. అలాంటి గోడను కూల్చక్కర్లేదు. పొరలను కలుపుతూ అడ్డంగా కడ్డీలు వేసి, కింది నుంచి పైకి కొద్దికొద్దిగా, తక్కువ ఒత్తిడితో పలుచని సున్నపు పాలు ఎక్కించి లోపలి ఖాళీలు నింపుతారు. ఒకేసారి ఎక్కువ ఎత్తు నింపితే ఆ ద్రవపు ఒత్తిడికే బయటి పొర విడిపోతుంది. ఇక్కడ తొందరపడి గోడ పోగొట్టుకున్న సందర్భాలు తక్కువేం కాదు.

తరవాత పగుళ్లు. పగులు ఉందా లేదా అన్నది అసలు ప్రశ్న కాదు. కదులుతోందా లేదా అన్నదే ప్రశ్న. పగులుకు అటూ ఇటూ గీతల పట్టీ బిగించి, నెలనెలా కొలత రాసుకోవాలి. కనీసం ఏడాది పాటు రాస్తేనే ఎండకు, వానకు వచ్చే మామూలు కదలిక ఏది, పునాది కుంగడం వల్ల వచ్చేది ఏది అన్నది తేలుతుంది. పైన వెడల్పుగా, కింద సన్నగా ఉంటే ఒక కథ. కింద వెడల్పుగా ఉంటే మరో కథ. దుమ్ము, పాత రంగు పట్టిన పగులు ఏనాడో ఆగిపోయిందని చెప్పకనే చెబుతుంది.

దూలాల కొసలను తెరిచి చూడాలి. తేమ మీటరుతో కొలిచి, సన్నని కొనదేలిన పనిముట్టుతో గుచ్చి, అవసరమైతే సన్నని డ్రిల్లు దించి లోపలి నిరోధాన్ని గీతగా నమోదు చేసే పరికరం వాడాలి. పునాది పక్కన ఒకటి రెండు గుంటలు తవ్వి అది ఎంత లోతుకు, దేని మీద కూర్చుందో చూడాలి. ఇక కాంక్రీటు గట్టిదనం చూడటానికి తయారైన రీబౌండ్ హ్యామర్‌ను సున్నపు ఇటుక గోడ మీద కొట్టి, వచ్చిన అంకెను నివేదికలో వేయడం తరచూ కనిపించే తప్పు. ఆ అంకెకు ఆ గోడ విషయంలో అర్థం లేదు.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కట్టిన వాణిజ్య భవనాలకు వేరే పరీక్ష కావాలి. చూడటానికి రాతి కట్టడంలా ఉంటుంది, లోపల ఉక్కు చట్రం. రాయికి, ఉక్కుకు మధ్య ఖాళీ లేకుండా గార నింపేశారు. నీరు చేరితే ఉక్కు తుప్పు పడుతుంది. తుప్పు తానున్న లోహంకంటే అనేక రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఉబ్బు రాయిని లోపలి నుంచి తోసి పగలగొడుతుంది. బ్రిటన్‌లో దీన్ని ‘రీజెంట్ స్ట్రీట్ జబ్బు’ అని పిలుస్తారు. చట్రం వెంబడి నిలువుగా, సరళరేఖలో వచ్చే పగులు దీని గుర్తు. పగుల్లో సిమెంటు నింపితే లోపల తుప్పు ఆగదు. రాయి తీసి, ఉక్కు శుభ్రం చేసి, రక్షణ పూత వేసి, మళ్లీ పేర్చాలి. లేదా చట్రానికి స్వల్ప విద్యుత్తు ప్రవాహమిచ్చి తుప్పును అణిచే పద్ధతి పెట్టాలి.

తొలితరం కాంక్రీటు భవనాల్లో గాలిలోని కార్బన్ డయాక్సైడ్ లోపలికి ఇంకి, కడ్డీని కాపాడే క్షారగుణాన్ని తగ్గిస్తుంది. దీన్ని చూడటానికి సులువైన పరీక్ష ఉంది. ఒక చోట కాంక్రీటును తాజాగా చిప్పలేపి, ఆ మొహం మీద ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లుతారు. ఆరోగ్యంగా ఉన్న భాగం క్షణాల్లో గులాబీ రంగుకు తిరుగుతుంది, గుణం పోయిన భాగం రంగు మారదు. రంగు మారని పట్టీ కడ్డీ దాకా చేరకపోతే ఇంకా సమయం ఉన్నట్టు. కడ్డీని దాటిపోయి, పైగా కాంక్రీటులో క్లోరైడ్ లవణాలు కూడా తేలితే అది నిజంగా కష్టమైన కేసు.

సున్నం తెలియని మరమ్మతు

పాత ఇటుక భవనాలకు నిర్లక్ష్యం చేసిన హాని తరవాత ఎక్కువ హాని చేసింది మంచి ఉద్దేశంతో చేసిన మరమ్మతే. అందులో మొదటి ముద్దాయి సిమెంటు.

సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ పోయి రాతి సున్నం మిగులుతుంది. నీరు పోస్తే అది భగ్గున వేడెక్కి ముద్దవుతుంది. ఆ ముద్దలో ఇసుక కలిపి గోడ కడితే, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను మెల్లగా తిరిగి పీల్చుకుని మళ్లీ సున్నపురాయిగా మారుతుంది. మందమైన గోడ లోపలి దాకా ఈ మార్పు చేరడానికి ఏళ్లు పడుతుంది. ఇలా గట్టిపడిన గార ఇటుకకంటే మెత్తగా ఉంటుంది, నీటి ఆవిరిని పోనిస్తుంది. గోడ కాస్త కదిలితే గారలో వెంట్రుక పగుళ్లు వస్తాయి; వాన నీరు కొంచెం సున్నాన్ని కరిగించి ఆ పగుళ్లలోనే మళ్లీ పేర్చి పూడుస్తుంది. గోడలోకి వచ్చిన తేమ అతుకుల గుండా బయటికి పోతుంది. తేమతో పాటు లవణాలు కూడా అతుకుల్లోనే పేరుకుని, గారను మెల్లగా తింటాయి. గార కోసుకుపోతే మళ్లీ నింపుకోవచ్చు. గోడ కోసం గార త్యాగమయ్యేలా ఆ ఏర్పాటు ఉంది.

అదే అతుకుల్లో సిమెంటు గార నింపితే ఏమవుతుంది? అతుకు ఇటుకకంటే గట్టిపడుతుంది, తేమకు దారి మూస్తుంది. ఇప్పుడు తేమ పోయే దారి ఇటుక మొహం ఒక్కటే. నీరు ఆవిరైనప్పుడు లవణం ఇటుక మొహం వెనకే స్ఫటికమై ఉబ్బుతుంది, మొహం పెచ్చులుగా ఊడుతుంది. కొన్నేళ్లకు గోడ చూస్తే సిమెంటు అతుకులు తేనెపట్టు గళ్లలా ముందుకు పొడుచుకొచ్చి, ఇటుకలు లోపలికి గుంటలు పడి కనిపిస్తాయి. ఇది చూసినవాళ్లు ఇటుక పాతబడి పోయిందనుకుంటారు. ఇటుక నూరేళ్లు బాగానే ఉంది. దాన్ని తిన్నది పదేళ్ల కిందటి మరమ్మతు.

సరైన పాయింటింగ్ పని, అంటే అతుకుల్లో పాత గార తీసి కొత్తది నింపడం, ఇలా ఉంటుంది. ముందు పాత గార ముక్కను ఆమ్లంలో కరిగించి, మిగిలిన ఇసుక రంగు, గింజ పరిమాణం చూస్తారు. కొత్త గారకు అలాంటి ఇసుకే వెతుకుతారు. అతుకును దాని వెడల్పుకు కనీసం రెట్టింపు లోతుకు, మామూలుగా 25 మిల్లీమీటర్లకు తగ్గకుండా తొలుస్తారు. గ్రైండర్ వాడితే పని తొందరగా అవుతుంది కానీ బ్లేడు ఇటుక అంచులు కోస్తుంది, ముఖ్యంగా నిలువు అతుకుల్లో. అందుకే ఉలి, సుత్తే నయం. దుమ్ము కడిగి, ఇటుకను తడిపి ఉంచుతారు. పొడి ఇటుక గారలోని నీటిని ఒక్కసారిగా లాగేస్తే గార గట్టిపడకుండానే పొడి అవుతుంది. ఒక పాలు సున్నపు ముద్దకు సుమారు మూడు పాళ్లు ఇసుక. ఇసుక గింజల మధ్య ఖాళీ మొత్తం పరిమాణంలో దాదాపు మూడో వంతు ఉంటుంది, ఆ ఖాళీని సున్నం నింపాలన్నదే ఈ లెక్క. లోతు ఎక్కువగా ఉంటే ఒకేసారి కాకుండా పొరలుగా గట్టిగా అదిమి నింపుతారు. బొటనవేలు నొక్కితే గుర్తు పడీ పడనట్టున్న దశలో గట్టి కుంచెతో పొడిచి మొహాన్ని గరుకు చేస్తారు. ఆ తరవాత గోనె పట్టాలు కట్టి రోజుల తరబడి తడి ఆరకుండా చూస్తారు. ఎక్కువ పనులు చెడేది ఇక్కడే. మేస్త్రీ చేయి ఎంత మంచిదైనా, ఎండలో వదిలేసిన సున్నపు పని మూడో రోజుకు రాలుతుంది. గడ్డకట్టే చలిలోనూ ఈ పని చేయకూడదు.

రెండో ముద్దాయి శుభ్రం చేయడం. నల్లబడిన గోడ మీదికి ఇసుకను ఒత్తిడితో కొడితే ఒక్క రోజులో ఎర్రగా మెరుస్తుంది. ఆ మెరుపు కోసం బట్టీలో కాలి గట్టిపడిన ఇటుక పైపొరను పోగొట్టుకున్నట్టు. లోపలి మెత్తని భాగం ఇక ప్రతి వానకూ నీరు తాగుతుంది. అప్పుడు నీరు పట్టకుండా ప్లాస్టిక్ గుణమున్న రంగు వేస్తారు, లోపలి తేమ బయటికి పోక గోడ ఉబ్బుతుంది. ఒక తప్పును దిద్దబోయి వరసగా మూడు.

నేల చెమ్మ విషయమూ అంతే. గోడకు వరసగా రంధ్రాలు వేసి రసాయనం ఎక్కించే ముందు బయటికి వెళ్లి వీధి ఎత్తు చూడాలి. నడిబొడ్డు వీధుల్లో రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోవడంతో, ఒకప్పుడు లోపలి నేలకంటే దిగువన ఉన్న వీధి ఇప్పుడు ఎగువకు వచ్చి ఉంటుంది. బయటి మట్టాన్ని లోపలి నేలకు కనీసం 150 మిల్లీమీటర్ల కిందికి దించి, నీరు గోడ నుంచి దూరంగా పోయేలా వాలు ఇస్తే చాలా గోడలు ఏ రసాయనమూ లేకుండానే ఆరతాయి.

నిలబెట్టడం

దూలం కొస కుళ్లితే దూలమంతా మార్చాలన్న నియమమేమీ లేదు. రెండు వైపులా జాకీలు పెట్టి బరువు తీసి, కుళ్లిన భాగాన్ని మంచి కర్ర వచ్చేదాకా కోసి, కొత్త కర్రను ఏటవాలు అతుకుతో కలిపి బోల్టులు బిగిస్తారు, లేదా ఇరుపక్కలా ఉక్కు పలకలు వేస్తారు. కొత్త కొసను గోడలో గాలి ఆడేలా కూర్చోబెట్టడం మరిచిపోతే పదేళ్లకు మళ్లీ అదే పని.

భూకంపాల ప్రాంతంలో ఇటుక భవనానికి తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితమిచ్చే పని ఒకటుంది: అంతస్తులను, కప్పును గోడలకు ఉక్కు కడ్డీలతో బిగించి కట్టడం. ఇటుక గోడ తన పొడవు వెంబడి వచ్చే బలాన్ని బాగానే తట్టుకుంటుంది. అడ్డంగా ఊగితేనే విడిపోయి బయటికి పడుతుంది. పిట్టగోడలు, అలంకారపు శిఖరాలు అన్నిటికంటే ముందు రాలి ఫుట్‌పాత్ మీద పడతాయి. కాబట్టి డబ్బు కొంచెమే ఉంటే పై నుంచి మొదలుపెట్టాలి.

కొత్త ఉపయోగం ఎంచుకోవడంలో భవనం మాట వినడం మంచిది. పుస్తకాల నిల్వ, పాత దస్తావేజులు నేల మీద విపరీతమైన బరువు వేస్తాయి. నివాసం, చిన్న కార్యాలయం అంత వేయవు. భవనం మోయగలిగే పని వెతికితే సగం బలోపేత ఖర్చు తప్పుతుంది. లండన్‌లో థేమ్స్ ఒడ్డున మూతపడిన బ్యాంక్‌సైడ్ విద్యుత్కేంద్రం 2000లో టేట్ మోడర్న్ కళా ప్రదర్శనశాలగా తెరుచుకుంది. టర్బైన్లున్న హాలుకు అంత ఎత్తు అవసరమైన పనినే ఇచ్చారు. సింగపూర్ నడిబొడ్డు దారి మరొకటి. అక్కడ 1989లో చైనాటౌన్, లిటిల్ ఇండియా, కంపోంగ్ గ్లామ్ వంటి పేటలను మొత్తంగా పరిరక్షణ ప్రాంతాలుగా ప్రకటించారు. వీలైనంత ఉంచుకోవడం, జాగ్రత్తగా పునరుద్ధరించడం, ఒడుపుగా మరమ్మతు చేయడం అనే మూడు సూత్రాలు పెట్టుకుని, నేటికి 7,000కు పైగా భవనాలను కాపాడారు. ఒక్కో భవనం కోసం ఒక్కో పోరాటం కాకుండా పేటను యూనిట్‌గా తీసుకోవడం వల్ల, పక్కవాడికి టవరు దొరికి నాకు దొరకలేదన్న బాధ చాలావరకు తప్పింది. అదే నగరం 2004లో సొరంగ రహదారి కోసం స్టాంఫర్డ్ రోడ్డులోని ఎర్ర ఇటుకల నేషనల్ లైబ్రరీని జనం అభ్యంతరాల మధ్య కూల్చింది. మంచి వ్యవస్థ ఉన్నచోట కూడా వయసు చాలని భవనానికి రక్షణ దొరకడం కష్టం. ఆ లైబ్రరీలా 1960లో కట్టినది చాలామంది అధికారుల కంటికి ఇంకా చరిత్ర కాదు.

మధ్యేమార్గంగా చెప్పే ముందుగోడ పద్ధతి గురించి దాపరికం లేకుండా మాట్లాడుకోవాలి. వీధి వైపు గోడ ఒక్కటీ ఉంచి వెనక అంతా తీసేస్తారు. గోడను పట్టుకోవడానికి ఫుట్‌పాత్ మీద ఉక్కు చట్రం లేపి, గాలికి తిరగబడకుండా కింద భారీ కాంక్రీటు దిమ్మెలు పెడతారు. కిటికీ సందుల గుండా లోపలా బయటా బిగిస్తారు. లోపలి అంతస్తులు తీసిన క్షణం నుంచి కొత్తవి కట్టి గోడకు కట్టేదాకా ఆ గోడకు సొంత బలం దాదాపు లేనట్టే. ఇంత ఖర్చు పెట్టాక కొత్త అంతస్తుల ఎత్తు పాత కిటికీలతో కలవకపోతే, కిటికీ నడుమ నుంచి కాంక్రీటు శ్లాబు అంచు కనిపిస్తుంది. వీధి రూపం కొంత నిలుస్తుంది, అది విలువ లేనిదేమీ కాదు. కానీ మెట్లు, గదుల వరస, దూలాలు, వెనక వాకిలి అన్నీ పోయాక దాన్ని పరిరక్షణ అనడం సరికాదు. అగ్నిప్రమాదంలో లోపలంతా ఇప్పటికే కాలిపోయిన భవనానికైతే ఈ దారి న్యాయమైనదే.

కూల్చక తప్పనప్పుడు

కూల్చక తప్పని భవనాలూ ఉంటాయి. ఏడాది కొలతల్లో పునాది ఆగకుండా కుంగుతోందని తేలినవి, కాంక్రీటంతా లవణంతో నిండి కడ్డీలు సన్నబడినవి, అగ్నికి గోడలే విచ్చిపోయినవి. వాటి విషయంలో చేయాల్సింది పద్ధతిగా కూల్చడం.

నడిబొడ్డు భవనాలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, ఉమ్మడి గోడలు పంచుకుంటాయి. డెట్రాయిట్‌లో 1926 నాటి మిషిగన్ థియేటర్‌ను పూర్తిగా కూలిస్తే ఆనుకుని ఉన్న కార్యాలయ భవనానికి ముప్పని తేలింది. అందుకే 1977లో దాన్ని లోపలే కార్ల పార్కింగ్‌గా మార్చేశారు. నేటికీ అక్కడ అలంకారపు ప్లాస్టరు కప్పు కింద కార్లు నిలుస్తాయి.

2013 జూన్ 5న ఫిలడెల్ఫియా మార్కెట్ స్ట్రీట్‌లో ఒక నాలుగంతస్తుల భవనాన్ని కూలుస్తుండగా, ఊతం లేకుండా మిగిల్చిన ఇటుక గోడ పక్కనున్న ఒంటి అంతస్తు దుకాణం మీద పడింది. దుకాణం తెరిచే ఉంది. ఏడుగురు చనిపోయారు. కారణం అర్థం కాని రహస్యమేమీ కాదు: అంతస్తుల దూలాలే గోడను నిలువుగా పట్టి ఉంచుతాయి. వాటిని ముందు పీకేస్తే మిగిలేది ఎత్తయిన పేకముక్క. పక్కకు ఊతం లేకుండా ఒక అంతస్తుకు మించిన ఎత్తు గోడను నిలిపి ఉంచకూడదని అమెరికా కార్మిక భద్రతా నియమాల్లో స్పష్టంగా ఉంది. పాటించాల్సిన క్రమం కట్టినదానికి తలకిందులు: పై అంతస్తు కప్పు, ఆ అంతస్తు గోడలు, ఆ తరవాతే దాని నేల, అలా ఒక్కో అంతస్తు దిగాలి. ఉమ్మడి గోడ పక్కన యంత్రం వద్దు, చేతి పనే. కూలిన ఇటుకలను ఏ రోజువి ఆ రోజు కిందికి దించాలి. శిథిలాలు కుప్పపోస్తే ఆ బరువుకే కింది అంతస్తు విరుగుతుంది.

దీనికి ముందే కరెంటు, గ్యాసు, నీరు వీధి దగ్గరే తెంచాలి. ఆస్‌బెస్టాస్, సీసం కలిసిన రంగు ఎక్కడెక్కడున్నాయో పరీక్షించి, శిక్షణ ఉన్నవాళ్లతో వేరుగా తీయించాలి. చుట్టుపక్కల భవనాల పగుళ్లను తేదీలతో ఫొటోలు తీసి పెట్టాలి, లేకపోతే తరవాత వచ్చే గొడవకు అంతుండదు. కూల్చాక బయటపడిన పక్కింటి గోడ సంగతి సాధారణంగా అందరూ మరిచిపోతారు. అది ఎన్నడూ వాన చూడని గోడ. లోపలి వైపు కదా అని మెత్తని ఇటుక వాడి ఉంటారు. దూలాలు తీసిన గుంతలు, పొగగొట్టాల సందులు తెరిచి ఉంటాయి. గుంతలు పూడ్చి, సున్నపు పూత వేసి, కప్పు అంచుకు రేకు బిగించకపోతే రెండు వానాకాలాలకు ఆ భవనమూ శిథిలాల జాబితాలో చేరుతుంది.

తీసిన సరుకులో ఎంతో పనికొస్తుంది. సున్నపు గారతో కట్టిన ఇటుకను సుత్తి అంచుతో తట్టి శుభ్రం చేయవచ్చు; సిమెంటుతో కట్టినది గారతో పాటే పగులుతుంది. పాత దూలాల్లాంటి బిగువైన కర్ర ఇప్పుడు అడవుల్లో దొరకదు. షికాగోలో ఆడ్లర్, సలివన్ రూపొందించిన 1894 నాటి స్టాక్ ఎక్స్చేంజ్ భవనాన్ని 1972లో కూల్చారు. దాని ట్రేడింగ్ గది ఇప్పుడు అక్కడి ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది, ప్రవేశ ద్వారపు కమాను బయట నిలబడి ఉంది. ఆ శిథిలాల్లో అలంకారాలను కాపాడబోయి, ఫొటోగ్రాఫర్ రిచర్డ్ నికెల్ ప్రాణం పోగొట్టుకున్నాడు. సగం కూల్చిన భవనంలోకి సరుకు కోసం వెళ్లడం ఎంత ప్రమాదమో ఇంతకంటే చెప్పనక్కర్లేదు. తీయాల్సినవి కూల్చివేతకు ముందే, భవనం నిలకడగా ఉన్నప్పుడే తీయాలి.

కొత్త భవనం కరెంటు ఆదా చేస్తుంది కదా అన్న వాదనకు లెక్క ఉంది. అమెరికాలో నేషనల్ ట్రస్ట్ ఫర్ హిస్టారిక్ ప్రిజర్వేషన్ అధ్యయనం ప్రకారం, కట్టేటప్పుడు పర్యావరణానికి చేసిన నష్టాన్ని ఇంధన పొదుపుతో పూడ్చుకోవడానికి కొత్త భవనానికి రకాన్ని బట్టి 10 నుంచి 80 ఏళ్లు పడుతుంది. ఆ దేశ పర్యావరణ సంస్థ లెక్కలో 2018లో నిర్మాణ రంగం నుంచి వచ్చిన 60 కోట్ల టన్నుల వ్యర్థాల్లో 90 శాతానికి పైగా కూల్చివేతలవే. కొత్త నిర్మాణానికి అనుమతి, డబ్బు సిద్ధంగా ఉన్నట్టు చూపాకే కూల్చివేత పత్రం ఇవ్వాలన్న నిబంధన అందుకే కావాలి. అది లేని నగరాల్లో నడిబొడ్డున పంటి సందుల్లా ఖాళీ జాగాలు, వాటిలో పార్కింగ్ గీతలు మిగిలాయి.

నిలబెట్టిన భవనానికి పని పూర్తయిన రోజు నుంచే నిర్వహణ పుస్తకం మొదలవ్వాలి. అందులో మొదటి పేజీ కప్పు కాలువలది: ఆకు రాలే కాలం తరవాత ఒకసారి, వానలకు ముందు ఒకసారి. కాలువ దాకా మనిషి వెళ్లడానికి తలుపు, బిగించుకోవడానికి కొక్కెం లేకపోతే ఆ పని జరగదు, కాబట్టి పునరుద్ధరణ సమయంలోనే అవి పెట్టాలి. నీరు పొంగినా గోడలోకి కాక బయటికి పడేలా అదనంగా ఒక పొర్లు గొట్టం పెట్టాలి. ఇక ఏడాదికి ఒక్కసారైనా జోరు వానలో గొడుగు వేసుకుని భవనానికి ఎదురుగా నిలబడి, నీరు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోందో పై నుంచి కింది దాకా చూడాలి. వాన వెలిసి గోడ ఆరాక ఏ పరికరమూ పట్టలేనిది ఆ పావుగంటలో కంటికి కనిపిస్తుంది.